టీడీఎస్ ఒకటే, నీళ్లు వేరు: పచ్చిక కింద నేల ఎందుకు బిగుసుకుపోతోంది?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది 300 ఫ్లాట్ల కమ్యూనిటీ. తోట పనులు నేను చూస్తున్నాను. అర ఎకరంలో మెక్సికన్ గ్రాస్ వేసి ఆరేళ్లయింది. మొదట బోరు నీళ్లు పెట్టేవాళ్లం, రెండేళ్లుగా పూర్తిగా ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్లే. పాప్-అప్ స్ప్రింక్లర్లు పొద్దున 15 నిమిషాలు, సాయంత్రం 15 నిమిషాలు నడుస్తాయి. పైన నీళ్లు నిలిచి పాచి పడుతోంది. రెండంగుళాలు తవ్వితే మాత్రం లోపల ఎండిపోయి రాయిలా ఉంది. గడ్డి కొసలు మాడుతున్నాయి, అక్కడక్కడ తెల్లటి పొర కనిపిస్తోంది. నీళ్లు పరీక్ష చేయించాం (పీహెచ్ తప్ప అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో). ఎస్టీపీ నీళ్లు: పీహెచ్ 8.3, టీడీఎస్ 1200, టోటల్ హార్డ్‌నెస్ 150, ఆల్కలినిటీ 420, సోడియం 350, క్లోరైడ్ 300. బోరు నీళ్లు, సాఫ్ట్‌నర్‌కు ముందు: టీడీఎస్ 1050, హార్డ్‌నెస్ 600, ఆల్కలినిటీ 350, సోడియం 100. టీడీఎస్ రెండిటికీ దగ్గర దగ్గరగా ఒకటే కాబట్టి తప్పు నీళ్లది కాదని ప్లాంటు వాళ్లు అంటున్నారు. నీళ్లు ఇంకా పెంచాలని మాలి, ఎర్రమట్టి పోయించాలని ఒకరు, గడ్డే మార్చేయాలని ఇంకొకరు. ఏం చేయమంటారు?

జవాబు: మూడూ వద్దు. నీళ్లు పెంచకండి, ఇప్పుడు పెట్టేదే చాలా ఎక్కువ. ఎర్రమట్టి పోయిస్తే జబ్బు ముదురుతుంది. గడ్డి మారిస్తే కొత్త గడ్డి కూడా అదే నేలలో ఏడాది తిరక్కుండా ఇలాగే అవుతుంది. మీ నేల కారు చౌడుగా, అంటే సోడియం పట్టి బిగుసుకుపోయే నేలగా మారుతోంది. పల్లెలో రైతుకు ఈ మాట చెబితే వెంటనే అర్థమవుతుంది. అపార్ట్‌మెంట్ పచ్చికకు కూడా అదే రోగం వస్తుందని ఎవరూ అనుకోరు.

ముందు ఆ టీడీఎస్ సంగతి తేల్చుకుందాం. నీళ్లలో కరిగినదంతా కలిపి తూకం ఎంతో టీడీఎస్ చెబుతుంది. ఆ సరుకు ఏమిటో చెప్పదు. నేలకు కావలసింది రెండోదే: సోడియం ఎంత, దానికి ఎదురు నిలిచే కాల్షియం, మెగ్నీషియం ఎంత. మీ రిపోర్టులో ఉన్న అంకెలతోనే దీన్ని లెక్క కట్టొచ్చు. హార్డ్‌నెస్‌ను 50తో భాగిస్తే కాల్షియం, మెగ్నీషియం కలిపి లీటరుకు ఎన్ని మిల్లీ ఈక్వివలెంట్లో వస్తుంది. సోడియంను 23తో, ఆల్కలినిటీని 50తో భాగించాలి.

ఎస్టీపీ నీళ్లకు సోడియం 15.2, కాల్షియం-మెగ్నీషియం 3, ఆల్కలినిటీ 8.4. బోరు నీళ్లకు సోడియం 4.35, కాల్షియం-మెగ్నీషియం 12, ఆల్కలినిటీ 7. ఇప్పుడు కాల్షియం-మెగ్నీషియం మొత్తాన్ని సగం చేసి, దాని వర్గమూలంతో సోడియంను భాగించండి. దీన్ని ఎస్ఏఆర్ అంటారు, కాల్షియం, మెగ్నీషియంలతో పోలిస్తే సోడియం జోరు ఎంతో చెప్పే కొలత. బోరుకు 1.8 వస్తుంది, ఎస్టీపీకి 12.4. టీడీఎస్‌లో తేడా ఏడో వంతు, ఎస్ఏఆర్‌లో తేడా ఏడు రెట్లు.

రెండో లెక్క ఇంకా సులువు. ఆల్కలినిటీలోంచి కాల్షియం-మెగ్నీషియం తీసేయండి. బోరుకు 7 మైనస్ 12, అంటే మైనస్ 5. ఎస్టీపీకి 8.4 మైనస్ 3, అంటే 5.4. ఆల్కలినిటీ అంటే ఎక్కువగా బైకార్బొనేటే, కాబట్టి ఇది కాల్షియం-మెగ్నీషియంకు మించి మిగిలిన బైకార్బొనేట్. దీని పేరు ఆర్‌ఎస్‌సీ. 1.25 లోపు ఉంటే నిశ్చింత, 2.5 దాటితే సాగుకు పనికిరాని నీళ్లని దశాబ్దాలుగా వాడుకలో ఉన్న కొలత. మిగులు బైకార్బొనేట్ చేసే పని ఏమిటంటే, నేలలో అప్పటికే ఉన్న కాల్షియంను సున్నపురాయిగా మార్చి పక్కకు తప్పిస్తుంది. సోడియంకు ఇక అడ్డు ఉండదు.

ఈ సోడియం ఎక్కడిది? మీ సాఫ్ట్‌నర్ నుంచే. సాఫ్ట్‌నర్ కాల్షియంను మాయం చేయదు, దాన్ని పట్టుకుని బదులుగా సోడియంను వదులుతుంది. హార్డ్‌నెస్ 600 నుంచి 150కి దిగిందంటే 450 తగ్గింది, అది 9 మిల్లీ ఈక్వివలెంట్లు. 9ని 23తో గుణిస్తే లీటరుకు 207 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా చేరింది. బోరులో ఉన్న 100తో కలిపి 307. స్నానాలు, సబ్బులు, వంటింటి ఉప్పు కలిసి మిగతాది. ఎస్టీపీ మురికిని తీస్తుంది, కరిగిన సోడియంను తీయలేదు. అది ఎంత బాగా నడిచినా ఈ అంకె తగ్గదు కాబట్టి ప్లాంటు నడిపేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

ఒక మంచి విషయం. సాఫ్ట్‌నర్‌ను ఉప్పుతో కడిగినప్పుడు వచ్చే రీజనరేషన్ నీళ్లు మీ ఎస్టీపీలోకి వెళ్తున్నట్టు లేదు. వెళ్తుంటే తీసేసిన కాల్షియం తిరిగి వచ్చి హార్డ్‌నెస్ ఇంత తక్కువ ఉండేది కాదు, క్లోరైడ్ ఇంకా పైకి ఎగబాకేది. అయినా ఆ పైపు ఎటు పోతోందో ఒకసారి కళ్లతో చూడండి.

నేలలో జరిగేది ఇదీ. బంకమట్టి రేణువులను కాల్షియం గుత్తులుగా పట్టి ఉంచుతుంది. గుత్తుల మధ్య సందుల్లోంచి నీళ్లు దిగుతాయి, గాలి ఆడుతుంది. కాల్షియం స్థానంలో సోడియం చేరితే గుత్తులు విడిపోతాయి. విడిపోయిన సన్నటి మట్టి సందుల్లోకి జారి వాటిని మూసేస్తుంది. తడిస్తే జిగట, ఆరితే రాయి. పైన నీళ్లు నిలవడానికీ, రెండంగుళాల కింద ఎండిపోయి ఉండడానికీ కారణం ఒకటే: దారి మూసుకుంది. మీరు పెట్టే నీళ్లలో సగానికి పైగా డ్రైవ్‌వే మీదికి పారడమో, ఆవిరైపోవడమో జరుగుతోంది. ఆవిరైన చోట మిగిలినదే ఆ తెల్లటి పొర.

ఇక్కడే చాలామంది పొరపడే చోటు ఉంది: ఒక్క వానాకాలం వస్తే ఉప్పంతా కడిగేస్తుందిలే అనుకుంటారు. పాల చౌడులో, అంటే ఉత్త ఉప్పు పేరుకున్న నేలలో, అది కొంతవరకు నిజం. కారు చౌడులో వాన ఎదురు తిరుగుతుంది. ఎస్ఏఆర్ 12 పైబడిన నీళ్లు కూడా వాటి ఈసీ (కరిగిన లవణాల వల్ల నీళ్లలో విద్యుత్తు ఎంత పారుతుందో చెప్పే కొలత, డెసీసీమెన్స్/మీటరులో) 2.9 దాటి ఉంటే నేలను పెద్దగా మూయవు, ఎందుకంటే ఉప్పు గాఢతే రేణువులను కొంత దగ్గరగా ఉంచుతుంది. ఈసీ 1.3 కన్నా తగ్గితే తీవ్రంగా మూస్తాయి. మీ టీడీఎస్ 1200ను 640తో భాగిస్తే ఈసీ దాదాపు 1.9, అంటే మధ్యలో ఉన్నారు. వాన నీటి ఈసీ దాదాపు సున్న. మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడగానే సోడియం పట్టిన మట్టి ఒక్కసారిగా విచ్చుకుని పై పొర సిమెంటులా అతుక్కుంటుంది. పోయిన జూన్, జులైలలో నీళ్లు నిలవడం ఎక్కువైందేమో మాలిని అడిగి చూడండి. అందుకే ఈ వైద్యం వానలకు ముందే మొదలవ్వాలి.

లెక్కల మీద నమ్మకం కుదరకపోతే ఒక గాజు గ్లాసు చాలు. గ్లాసులో ఆర్వో నీళ్లు పోసి, పచ్చిక కింద రెండంగుళాల లోతు నుంచి తీసి ఆరబెట్టిన శనగగింజంత మట్టి పెళ్లను మెల్లగా అందులో వదలండి. కదపకూడదు, కలపకూడదు. పెళ్ల విరిగి కుప్పగా పడి నీళ్లు తేటగా ఉంటే సోడియం బాధ లేదు, అక్కడ సమస్య తొక్కుడు వల్ల వచ్చిన బిగువు. రెండు గంటల్లో పెళ్ల చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే కారు చౌడే. పక్కనే ఇంకో గ్లాసులో ముందుగా అర చెంచా జిప్సం కలిపి, తేరిన నీళ్లలో ఇదే పని చేయండి. అక్కడ మబ్బు రాకపోతే మందు కూడా దొరికినట్టే. పచ్చికలో నీళ్లు నిలిచే చోట ఒకటి, బాగున్న చోట ఒకటి తీసి పోల్చండి. కమిటీ సమావేశంలో ఈ గ్లాసులు బల్ల మీద పెడితే గంట చర్చ తప్పుతుంది.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి. ఎండిన చోట మట్టి మీద ఒక నీటి చుక్క వేస్తే అది ముత్యంలా నిమిషం పాటు ఇంకకుండా నిలిస్తే, అక్కడ మట్టి నీటినే వెలివేస్తోందని అర్థం. కుళ్లిన వేళ్ల, గడ్డి పీచుల మైనం రేణువులకు పూత పట్టినప్పుడు ఇలా అవుతుంది. దానికి పచ్చికల కోసం అమ్మే వెట్టింగ్ ఏజెంట్ వాడాలి. గిన్నెలు తోమే ద్రవం చల్లితే సరిపోతుందని కొందరు చెబుతారు. అందులోనూ సోడియమే ఉంటుంది, వద్దు.

ఇక ఎంత నీళ్లు పెడుతున్నారో చూద్దాం. అర ఎకరం అంటే 20 గుంటలు, సుమారు 2,000 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు ఎత్తు. హైదరాబాద్‌లో మే నెల ఎండకు ఈ జాతి గడ్డికి రోజుకు 5-6 మిల్లీమీటర్లు, డిసెంబరులో 2.5-3 సరిపోతాయి. అంటే నడి ఎండాకాలంలో కూడా మీకు రోజుకు 11,000 లీటర్లు, రెండు ట్యాంకర్ల పైచిలుకు. స్ప్రే రకం పాప్-అప్‌లు గంటకు 30-40 మిల్లీమీటర్లు కురిపిస్తాయి. అరగంటకు 15-20. తక్కువలో తక్కువ 15 అనుకున్నా రోజుకు 30,000 లీటర్లు. లీటరుకు 1.2 గ్రాముల చొప్పున ఆ నీళ్లతో పాటు 36 కిలోల లవణాలు పడుతున్నాయి, రోజూ, అర ఎకరంలో. వాటిలో పదిన్నర కిలోలు సోడియం. నీళ్లు పెంచమని మాలి చెప్పింది గడ్డి వాడిపోవడం చూసి, అతని తప్పేమీ లేదు. కానీ ఆ సలహా పాటిస్తే పెరిగేది ఉప్పే.

మీ స్ప్రింక్లర్ల అసలు లెక్క మీరే కొలుచుకోవాలి. నిలువు గోడలున్న ఒకే సైజు డబ్బాలు 12-16 తీసుకుని ఒక జోన్‌లో సమాన దూరాల్లో పెట్టండి. 10 నిమిషాలు నడిపి, ఒక్కో డబ్బాలో నీటి ఎత్తును స్కేలుతో కొలిచి రాయండి. సగటును 6తో గుణిస్తే గంటకు ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. తర్వాత అతి తక్కువ పడిన నాలుగో వంతు డబ్బాల సగటు తీసి మొత్తం సగటుతో భాగించండి. 0.7 దాటితే బాగున్నట్టు. 0.5 దగ్గర ఉంటే ఒక మూల తడిపేందుకు ఇంకో మూలను ముంచుతున్నారని అర్థం. ముందు నాజిళ్లు సరిచేయాలి: వంగిన రైజర్లు, గడ్డిలో కూరుకుపోయిన తలలు, ఒకే జోన్‌లో కలిసిపోయిన స్ప్రే, రోటర్ తలలు. రోటర్ గంటకు 10-15 మిల్లీమీటర్లే ఇస్తుంది కాబట్టి రెండూ ఒకే వాల్వు మీద ఉంటే ఏ సమయం పెట్టినా ఒకచోట తప్పే. ఎస్టీపీ నీళ్లలో నలకలు, నాచు ఉంటాయి గనక నాజిల్ జల్లెడలు 15 రోజులకొకసారి తీసి కడగాలి. తెల్లగా పేరుకున్న గట్టి పొక్కు ఉంటే వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది.

ఇప్పుడు పనుల వరస. అన్నిటికన్నా ముందు నీళ్లు మార్చాలి. సాఫ్ట్‌నర్‌కు వెళ్లకముందే బోరు లైను నుంచి ఒక కొమ్మ తీసి తోట ట్యాంకులోకి ఇవ్వండి. సగం బోరు, సగం ఎస్టీపీ కలిపితే సోడియం 9.8, కాల్షియం-మెగ్నీషియం 7.5, ఆల్కలినిటీ 7.7 అవుతాయి. ఎస్ఏఆర్ 12.4 నుంచి 5కి, ఆర్‌ఎస్‌సీ 5.4 నుంచి 0.2కి దిగుతాయి. ఇంత సోడియంకు ఈసీ 1.2 దాటి ఉంటే చాలు, ఈ మిశ్రమానిది 1.75 వరకు ఉంటుంది. ఇంట్లో గీజర్‌ను పాడుచేసే ఆ కఠిన జలమే మీ పచ్చికకు ఔషధం. బోరులో అంత నీరు లేకపోతే ఒక పాలు బోరు, రెండు పాళ్లు ఎస్టీపీ కలపండి. ఎస్ఏఆర్ 6.7, ఆర్‌ఎస్‌సీ 1.9 వస్తాయి, మిగతా లోటు జిప్సం తీరుస్తుంది. రోజుకు 11,000 లీటర్లకు దిగాక సగం బోరు అన్నా 5,500 లీటర్లే.

ఈ కలపడంలో ఒక కట్టుబాటు ఉంది, దీనిలో సర్దుబాటు లేదు. బోరు పైపును ఎస్టీపీ పైపుతో నేరుగా కలపకూడదు, మధ్యలో వాల్వు పెట్టినా సరే. మోటారు ఆగినప్పుడు ఎస్టీపీ నీళ్లు వెనక్కి పీల్చుకుని ఇళ్లకు వెళ్లే లైన్లోకి చేరే ప్రమాదం ఉంటుంది. బోరు పైపు ట్యాంకు పైనుంచి గాలిలోంచి పడాలి. పైపు వ్యాసానికి రెండింతలు, రెండంగుళాల పైపుకు నాలుగంగుళాలు, ఎప్పుడూ ట్యాంకు నిండు మట్టానికి పైన ఖాళీ ఉండాలి.

సాఫ్ట్‌నర్‌ను కూడా కాస్త సడలించొచ్చు. మరుగుదొడ్ల ఫ్లష్ లైనుకు మెత్తటి నీళ్లు అక్కర్లేదు. మిగతా వాడకానికి హార్డ్‌నెస్ 150కి బదులు 250 దగ్గర ఉంచినా నడుస్తుంది. ఆ 100 తేడాకే లీటరుకు 46 మిల్లీగ్రాముల సోడియం తగ్గుతుంది, ఉప్పు బస్తాల ఖర్చూ తగ్గుతుంది. నెలకు ఎన్ని బస్తాలు పోస్తున్నారో ఒక పుస్తకంలో రాయించండి. ఆ సోడియంలో పెద్ద వాటా చివరికి ఎటు చేరుతోందో ఇప్పుడు మీకు తెలుసు.

రెండోది జిప్సం. వ్యవసాయ జిప్సం మెత్తటి పొడి తీసుకోండి, బస్తా మీద శుద్ధత చూడండి, 70 శాతానికి తగ్గకూడదు. ఫాల్స్ సీలింగ్ బోర్డుల తుక్కు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వద్దు. సున్నం అసలు వద్దు: పీహెచ్ 8 దాటిన నేలలో అది కరగదు, పైగా పీహెచ్‌ను ఇంకా పైకి నెడుతుంది. మొదటి విడత చదరపు మీటరుకు 125 గ్రాములు, మీ పచ్చికకు 250 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు ఐదు. గడ్డి కోసి, ఆకులు పొడిగా ఉన్నప్పుడు నిలువుగా సగం, అడ్డంగా సగం చల్లండి. చల్లిన వెంటనే ఆకుల మీది పొడి దిగేలా 3-4 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టాలి. జిప్సంను ట్యాంకులో కుమ్మరించొద్దు. నిలకడ నీళ్లలో అది చాలా నెమ్మదిగా కరుగుతుంది, అడుగున పేరుకుని ఫిల్టర్లు, నాజిళ్లు మూసేస్తుంది.

ఏ కారణం చేతైనా బోరు నీళ్లు కలపలేకపోతే జిప్సం అవసరం ఎంతో చెబుతాం. ఒక మిల్లీ ఈక్వివలెంట్ కాల్షియంకు వెయ్యి లీటర్లకు 86 గ్రాముల శుద్ధ జిప్సం కావాలి. ఆర్‌ఎస్‌సీని 5.4 నుంచి 1.25కి దించడానికి వెయ్యి లీటర్లకు 357 గ్రాములు, 70 శాతం సరుకైతే 510. రోజుకు 11,000 లీటర్ల చొప్పున నెలకు 170 కిలోలు, చదరపు మీటరుకు 85 గ్రాములు. చేయొచ్చు, కానీ నెల నెలా మానకుండా చేయాలి. బోరు కొమ్మ పైపు ఒక్కసారి ఖర్చు.

మూడోది నేలను తెరవడం. ఇందుకు బోలు పళ్ల ఏరేటర్ కావాలి, అద్దెకు దొరికితే అద్దెకే తీసుకోండి. పన్ను వ్యాసం ఒకటిన్నర సెంటీమీటర్లు, లోతు 8-10 సెంటీమీటర్లు, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 5-7 సెంటీమీటర్లు ఉండాలి. ముళ్ల చెప్పులు, ఇనప గునపంతో పొడవడం పనికిరావు: అవి మట్టిని బయటికి తీయవు, రంధ్రం గోడలను ఇంకా బిగిస్తాయి. రోహిణి కార్తె ఎండలో వేళ్లు తెరిచి పెట్టొద్దు, తొలకరి పడి గడ్డి ఊపందుకున్నాక చేయండి. ముందు రోజు మామూలుగా తడపండి. మట్టి ముద్ద చేతిలో నలిగి విడిపోవాలి. చేతికి అంటుకుంటే ఇంకా రెండు రోజులు ఆగాలి, తడి మట్టిలో యంత్రం నడిపితే ఉన్న సందులు కూడా పోతాయి. బయటికి వచ్చిన మట్టి కడ్డీలను ఊడ్చి తీసేయండి. ఆ వెంటనే రెండో విడత జిప్సం ఇంకో 125 గ్రాములు చల్లి, పైన ముతక ఇసుక పరిచి, కొబ్బరి పీచు చాపతో లాగి రంధ్రాల్లోకి నింపండి. జిప్సం వేళ్ల లోతుకు నేరుగా చేరేది ఇలాగే.

ఇసుక విషయంలో మోసపోతారు, జాగ్రత్త. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు గింజ కావాలి. ప్లాస్టరింగ్ ఇసుక మరీ సన్నం. రోబో సాండ్‌లో రాతి పొడి ఎక్కువ, కడగకుండా వేస్తే తెరిచిన రంధ్రాన్నే సిమెంటు చేస్తుంది. ఒక సీసాలో సగం ఇసుక, సగం నీళ్లు పోసి కుదిపి పక్కన పెట్టండి. ఐదు నిమిషాల తర్వాత ఇసుక పైన బురద పొర మందంగా తేరితే ఆ లోడు వెనక్కి పంపండి.

ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి ఏటా అంగుళం మందం పరిచే అలవాటు చాలా కమ్యూనిటీల్లో ఉంది. బాగా చివికిన ఎరువు పలచగా వేస్తే తప్పు లేదు. కానీ ఆరేళ్లలో ఆరు పొరలు పడితే, వేరు వేరు మట్టి పొరల మధ్య నీళ్లు ఆగిపోతాయి. వేళ్లు పై పొరలోనే తిరుగుతాయి. పార పెట్టి అడుగు లోతు నిలువుగా ఒక చెక్క కోసి చూడండి, పొరలు రంగుల్లో తెలుస్తాయి. చాలా చోట్ల నాలుగంగుళాల ఎర్రమట్టి కింద కట్టడం నాటి మొరం, సిమెంటు తుక్కు గట్టిగా రోల్ చేసి ఉంటుంది. అక్కడ అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో చూడండి. రెండున్నర సెంటీమీటర్లు దిగితే పర్వాలేదు. ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే ఎంత జిప్సం వేసినా విడుదలైన సోడియం పోవడానికి చోటు లేదు. అలాంటి చోట్ల మాత్రం చిల్లుల పైపుతో కంకర కాలువ వేయక తప్పదు.

నీళ్లు పెట్టే పద్ధతి ఇప్పటినుంచే మార్చండి, కానీ ఒక్కసారిగా కాదు. రోజు విడిచి రోజు లోతుగా పెట్టమని అందరూ చెబుతారు, అది లోతు వేళ్లున్న గడ్డికి. మీ వేళ్లు రెండంగుళాలు దాటి ఉండవు, రేపటినుంచే మానేస్తే మేలో మాడిపోతుంది. మొదటి మూడు వారాలు రోజూ 5-6 మిల్లీమీటర్లే, కానీ విడతలుగా. మీ నాజిల్ గంటకు 38 మిల్లీమీటర్లు ఇస్తుందనుకుంటే నాలుగు నిమిషాలకు రెండున్నర పడుతుంది. నాలుగు నిమిషాలు నడిపి, 45 నిమిషాలు ఆపి, మళ్లీ నాలుగు నిమిషాలు. పారడం మొదలయ్యే ముందే ఆగాలి, అదే సూత్రం. ఏరేషన్ అయ్యి వేళ్లు నాలుగంగుళాలు దిగాక, వానలు లేని రోజుల్లో రోజు విడిచి రోజు ఇలాంటి విడతలు నాలుగు, మొత్తం 10 మిల్లీమీటర్లు. చలికాలంలో మూడు రోజులకొకసారి 8-9. ఉప్పు కిందికి దిగడానికి ఎంత అదనం కావాలి? మీ మిశ్రమ నీళ్లకు పదో వంతు చాలు, ఆ 10 మిల్లీమీటర్లు 11 అవుతాయి, అంతే.

సాయంత్రం నీళ్లు మానేయండి. తెల్లవారుజామున మూడింటికి మొదలై ఆరులోపు అయిపోవాలి. రాత్రంతా తడిసి ఉన్న ఆకు మీద బూజు తెగుళ్లు సులువుగా పడతాయి. పైగా ఇవి ఎస్టీపీ నీళ్లు. పిల్లలు ఆడే పచ్చిక అది, ఆకు ఆరేదాకా ఎవరూ దిగకూడదు. స్ప్రింక్లర్ తుంపర నడక దారి మీదా, ఆట స్థలం మీదా పడకుండా నాజిల్ కోణాలు సరిచేయండి, తోట కుళాయిల దగ్గర తాగొద్దని బోర్డు పెట్టండి. అంచుల్లో ఉన్న పూల మొక్కల ఆకుల మీద కూడా ఈ నీళ్లు పడకూడదు. గడ్డి కొసను కోత తీసేస్తుంది, మొక్కల ఆకులు ఆ ఉప్పును మోస్తూనే ఉంటాయి.

తేమ ఎంత ఉందో రెండు పుల్లల చవక మీటర్లతో చూడకండి. వాటిలో చాలా వరకు మట్టిలో విద్యుత్తు ఎంత పారుతుందో చూసి తేమ చెబుతాయి, ఉప్పున్న నేలలో ఎండినా తడి అంటాయి. ఆరంగుళాల స్క్రూడ్రైవర్ చాలు. బొటనవేలి బలంతో నాలుగంగుళాలు దిగితే తేమ చాలినట్టు. పొద్దున్నే పచ్చిక మీద నడిచి వెనక్కి చూడండి: అడుగుల గుర్తులు లేవకుండా నిలిచి, గడ్డి రంగు నీలి బూడిదకు తిరిగితే ఆ రోజు నీళ్లు అవసరం. స్క్రూడ్రైవర్ సులువుగా దిగుతున్నా మధ్యాహ్నం గడ్డి వాలితే అది ఎండకు వాలడమే, సాయంత్రానికి తేరుకుంటుంది.

ఎరువు తగ్గించండి. ఎస్టీపీ నీళ్లలోనే నత్రజని ఉంటుంది, రిపోర్టులో నైట్రేట్ కూడా అడగండి. లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని ఉన్నా, నెలకు మూడు లక్షల లీటర్లతో 3 కిలోలు పడుతుంది, అది ఆరున్నర కిలోల యూరియాతో సమానం. సగం బోరు కలిపితే అందులో సగం. పొటాష్ వేయాలంటే మ్యూరియేట్ కాకుండా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయండి, క్లోరైడ్ మీకు ఇప్పటికే చాలు. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు: లీటరుకు 5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కలిపి చల్లటి పూట ఆకుల మీద పిచికారీ చేయండి. నడక రాళ్ల మీద పడితే తుప్పు మరక వదలదు, ముందే కప్పి ఉంచండి. కోత ఎత్తు ఈ వేసవికి నాలుగు సెంటీమీటర్లకు పెంచండి, ఒక కోతలో మూడో వంతుకు మించి తీయొద్దు.

గడ్డి మార్చాలన్న వారికి ఒక మాట. ఉప్పును బాగా ఓర్చే పాస్పాలమ్ ఉంది, ఎండలో అయితే గరిక జాతులూ గట్టివే. కానీ అవి ఓర్చేది ఉప్పును. రాయిలా బిగుసుకున్న నేలలో ఏ గడ్డీ బాగా వేరూనదు. అక్టోబరు దాకా ఆగి, అప్పటికీ గడ్డి తేరుకోని చోట్ల మాత్రం మార్చండి.

మట్టి పరీక్షకు ఇప్పుడే ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి ఇవ్వండి. 10-12 చోట్ల నుంచి, 0-5 సెంటీమీటర్లు ఒక సంచి, 5-15 సెంటీమీటర్లు ఇంకో సంచి. రెండూ కలిపితే ఏ లోతులో ఏముందో తెలియదు. వ్యవసాయ శాఖ భూసార పరీక్ష కేంద్రంలో పీహెచ్, ఈసీ చూస్తారు. మీకు ఈఎస్‌పీ, అంటే మట్టిని పట్టుకున్న సోడియం శాతం కూడా కావాలి, అది ఎక్కడ చేస్తారో ముందే కనుక్కోండి. 15 దాటితే కారు చౌడని లెక్క, ఇబ్బంది మాత్రం అంతకన్నా ముందే మొదలవుతుంది. మట్టికి నీళ్లు ఏ పాళ్లలో కలిపి ఈసీ చూశారో రాయించుకోండి. 1:2 లేదా 1:2.5 పాళ్లలో వచ్చిన అంకె, గడ్డి ఎంత ఉప్పు ఓర్చుకుంటుందో చెప్పే పట్టికల అంకెకన్నా బాగా తక్కువ ఉంటుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఉప్పు లేదని ధైర్యపడొద్దు. నీళ్లకైతే మూడు నెలలకొకసారి హార్డ్‌నెస్, ఆల్కలినిటీ, సోడియం, ఈ మూడూ చాలు. సాఫ్ట్‌నర్ సెట్టింగ్ ఎవరైనా మార్చితే ఆ వారమే మళ్లీ చూడండి. అక్టోబరులో అదే గ్లాసు, అదే చోటి మట్టి పెళ్ల. మబ్బు ఇంకా కమ్ముతుంటే ఇంకో 125 గ్రాముల జిప్సం, తేటగా ఉంటే వానలకు ముందొకసారి, తర్వాతొకసారి 100 గ్రాముల చొప్పున కొనసాగించండి.